ఒక చెవిలో దూది

మా కోడలు స్నిగ్ధ గిటారు వాయిస్తుంది. ఈ మాట ఎవరితో చెప్పినా నాకు గర్వమే. ఏ బ్యాండులో అని వాళ్లు అడిగేసరికి మాత్రం, టీ తాగుతారా అంటూ వంటింట్లోకి వెళ్లిపోతాను.

దాని పేరు దుమారం బ్యాండ్. పేరుకు తగ్గ పిల్లలే. నల్లగొండ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ, గణపతి మండపాలకూ, బతుకమ్మ పండుగకూ జానపద పాటలు వాయిస్తారు. వాయిస్తారనడం నా మర్యాద. పాడేవాడు సైదులు. చేతిలో మైకున్న సంగతి మరిచిపోయి, పక్కూరి వాళ్లను పిలిచినట్టు అరుస్తాడు. డ్రమ్ములు కొట్టేవాడూ, ఆ గుంపుకు పెద్దా విజేందర్. వీడు కేతేపల్లి బడిలో నా దగ్గరే పదో తరగతి చదివాడు. అప్పుడూ ఇంతే. నేను బోర్డు వైపు తిరగడం ఆలస్యం, బల్ల మీద దరువు మొదలయ్యేది. వీణ్ని నిలబెట్టిన రోజులే ఎక్కువ, కూర్చోనిచ్చిన రోజులు తక్కువ. తెలుగు టీచరుగా రిటైరయ్యాక ఇక బల్ల దరువుల పీడ విరగడైందనుకున్నాను. అదే దరువును లారీ అంత స్పీకర్లలోంచి మళ్లీ వినాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మా అబ్బాయి పరమేష్ పెళ్లయిన ఏడాదే, బతుకమ్మ పండుగ ప్రోగ్రాంకు నన్ను తీసుకుపోయాడు. దీపం వత్తుల కోసం తెచ్చిన దూది కొంచెం తుంచి చీర కొంగున ముడేసుకుని మరీ వెళ్లాను. మొదటి పాటకే రెండు చెవుల్లో దూది కుక్కుకున్నాను. నా పక్కన మా ఆయన రఘుపతి మాత్రం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొడుతున్నాడు. ఆయనకు జాతరలో రంగులరాట్నం చప్పుడైనా సంగీతమే.

సైదులు ఒక వరుస అరిచి, ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ కాస్త సందులో గిటారు మోగింది. వాడు అరిచిన మాటనే అందుకుని, నెమ్మదిగా మళ్లీ చెప్పింది. క్లాసులో ఒకడు జవాబును గట్టిగా ఒప్పజెపుతాడు. వెనక బెంచీలో ఒక పిల్ల అదే జవాబును అర్థం చేసుకుని తనలో తాను చెప్పుకుంటుంది. అట్లా ఉంది ఆ గిటారు. నాకు ఒళ్లు జలదరించింది. దూది తీశాను. అంతలోనే సైదులు మళ్లీ అందుకున్నాడు. దూది మళ్లీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత వాళ్ల ప్రోగ్రాం ఎక్కడున్నా పరమేష్ కంటే ముందు నేనే కారెక్కేదాన్ని.

"అమ్మకు బ్యాండు మస్తు నచ్చింది" అన్నాడు వాడు ఒకసారి.

"బ్యాండు కాదురా. నా కోడలు" అన్నాను.

బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆ గోలలోంచి గిటారును ఏరుకుని వినడం నేర్చుకున్నాను. నేర్చుకున్న కొద్దీ నా కోపం పెరిగింది. ఇంత చక్కటి చెయ్యి ఉన్న పిల్ల ఈ గుంపులో ఎందుకుండాలి? ఇంట్లోనైనా ఒక్కతే వాయిస్తే కడుపునిండా వినవచ్చు కదా అంటే, ఇంట్లో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, అందులో బ్యాండు పాటలు వింటూ వాయించుకునేది. బయటికి టిక్కుటిక్కుమని తీగల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

చలికాలంలో ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాం. మనసులో మాట అడిగేశాను.

"బిడ్డా, ఒకటడుగుత, మనసుల పెట్టుకోకు. గా పిల్లగాండ్లతోని నీకేం పని?"

"నా దోస్తులు గదా అత్తమ్మా."

"దోస్తులైతే చాయకు పిలువు. స్టేజీ మీద ఎందుకు?"

ఆమె నవ్వింది. "వాళ్లు లేకుంటే నేనెట్ల వాయిస్త?"

"వేళ్లు నీయా, వాళ్లయా?"

ఆమె ఒక కాయను రెండుసార్లు ఒలిచింది. నేనే గెలిచాననుకున్నాను.

ఆ వారంలోనే కేతేపల్లి నుంచి నా పాత విద్యార్థులు కొందరు ఇంటికి వచ్చారు. వాళ్ల పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారట, టీచర్లందరికీ సన్మానమట, డీజే కూడా మాట్లాడారట. డీజే అన్న మాట చెవిన పడగానే నేను లేచి నిలబడ్డాను.

"డీజే వద్దు ఏం వద్దు. మా కోడలు ఒక్కతే గిటారు వాయిస్తది. మీరు నోరు మూసుకుని వినుండ్రి."

టీచరు మాట. ఎదురు చెప్పేవాళ్లెవరు? వాళ్లు సరేనంటే సరేనని వెళ్లిపోయారు. ఆ బ్యాచ్‌లో విజేందర్ కూడా ఉన్నాడని నాకు తెలుసు. వస్తే రానీ, వాయించడమంటే ఏమిటో వింటాడు అనుకున్నాను.

తెల్లవారి స్నిగ్ధ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"విజేందర్ అన్నకు చెప్పిన అత్తమ్మా. ఇగ నేను బ్యాండుకు రానని."

నేను సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఆ పిల్ల మొహం చూస్తే ఏదో గుచ్చుకుంది. "నీకిష్టమేనా?" అని అడిగాను.

"తెల్వది అత్తమ్మా. మీరన్నది నిజమే అనిపిస్తాంది. మళ్ల, కాదేమో అనిపిస్తాంది. ఒక్కదాన్నే వాయించి చూస్త."

అత్త మాటను అంత బరువుగా తీసుకుంటుందని నేననుకోలేదు. వద్దులే అని ఆ నిమిషమే అనవచ్చు. అనలేదు. ఒక్కతే వాయిస్తే వినాలన్న ఆశ నాకు అంతగా ఉంది.

సమ్మేళనం కేతేపల్లిలోనే ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నేను చేతులు పట్టి రాయించిన పిల్లలు పొట్టలూ బట్టతలలూ వేసుకుని వచ్చి కాళ్లకు మొక్కారు. శాలువాలు కప్పి టీచర్లందరినీ స్టేజీ మీద ఒక వరుసలో కూర్చోబెట్టారు. మా ముందు పొడుగాటి బల్లలు, వాటి మీద పూలగుత్తులు. విజేందర్ చిట్టచివరి వరుసలో కూర్చున్నాడు. బడిలోనూ వాడి జాగా అదే.

స్నిగ్ధ స్టేజీ అంచున కుర్చీ వేసుకుని మొదలుపెట్టింది. మొదటి బతుకమ్మ ప్రోగ్రాంలో నేను విన్న పాటే. ఆమె కావాలనే అది ఎంచుకుంది, నాకోసం. మొదటి నాలుగు స్వరాలకు నేను కళ్లు మూసుకున్నాను.

తర్వాత ఒక ఖాళీ వచ్చింది.

ఆమె ఆగింది. సైదులు అరిచే చోట ఆగింది. అక్కడ సైదులు లేడు. ఆ సందులో హాలు ఫ్యాన్ల చప్పుడూ, భోజనాల వైపు నుంచి గరిటెల చప్పుడూ వినిపించాయి. మళ్లీ వాయించింది, మళ్లీ ఆగింది. వాయించినప్పుడల్లా ఎడమ పక్కకు చూస్తోంది. డ్రమ్ములు ఎప్పుడూ ఉండేది అటువైపే. ఇప్పుడక్కడ ఒక పూలకుండీ ఉంది. ముందు వరుసలో ఫోన్లు వెలిగాయి.

"ఏందిది, సౌండ్ పోయిందా?" అన్నారెవరో.

నాకేమీ అర్థం కాలేదు. రాళ్లన్నీ ఏరేశాను. మిగిలినవన్నీ గింజలే. ఒక్క స్వరం తప్పు పోలేదు, నేను ప్రతిదీ విన్నాను. అయినా అది నేను విన్న గిటారు కాదు. అదే చెయ్యి, అదే పాట. మరి ఏమైంది?

మా వీధిలో బతుకమ్మ పాట ఎత్తుకునేది నేనే. నేనొక వరుస అంటే ఆడవాళ్లంతా ఉయ్యాలో అంటారు. వాళ్లలో సగం మందికి గొంతు కలవదు. మా ఆడబిడ్డ లీలమ్మ సంగతి చెప్పనక్కర్లేదు, అందరూ ముగించాక మొదలుపెడుతుంది. ఏటా ఆమె మీద విసుక్కుంటాను. కానీ వాళ్లు ఉయ్యాలో అనకుండా నేను రెండో వరుస ఎత్తుకున్నానా ఏనాడైనా? ఈ సంగతి నాకు ఆ స్టేజీ మీద, అందరి ముందూ, శాలువా కప్పుకుని కూర్చున్నప్పుడే తట్టాలా!

స్నిగ్ధ వేళ్లు తీగల మీది నుంచి లేచాయి. గిటారు దించేయబోతోంది. ఇప్పుడు దించిందంటే ఆ పిల్ల మళ్లీ దాన్ని ఎత్తుకోదని నాకు భయం వేసింది. బ్యాండు పోయింది, ఇదీ పోతే ఇక ఆమెకు ఏముంది? అంతా నా నోటి వల్ల.

అరచేత్తో బల్ల మీద కొట్టాను. ఆ దరువే. ఏ దరువు కోసం విజేందర్‌ను ఏడాదంతా నిలబెట్టానో ఆ దరువే. నా పక్కనున్న హెడ్మాస్టరు గారి పూలగుత్తి కిందపడింది. అది చాలక, సైదులు అరిచే చోటు రాగానే నేనే "హోయ్!" అని అరిచాను. వాడి నోట విన్నప్పుడల్లా నేను ఈసడించుకున్న హోయ్ అది.

హాలంతా నోరు తెరిచింది. స్నిగ్ధ గిరుక్కున తిరిగి నన్ను చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, ఆ నీళ్లతోనే నవ్వింది. వేళ్లు మళ్లీ తీగల మీదికి వెళ్లాయి. కానీ నా దరువు ఎక్కడ నిలుస్తుంది? పరుగెత్తుతోంది, ఆగుతోంది. ఆ పిల్ల నా వెంట పరుగెత్తలేక తికమకపడుతోంది.

"విజేందర్! ఏం చూస్తున్నవ్? లే!"

వాడు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై అయిదు దాటాయి, ఆ నిలబడడం మారలేదు.

"కొట్టు."

"మీరే వద్దన్నరు గద మేడం. అప్పుడు మీరే, ఇప్పుడు మీరే."

హాలు గొల్లుమంది. "ఇప్పుడు కొట్టుమంటున్న. రా, జల్ది రా!"

వాడు వంటల దగ్గరికి పోయి ఖాళీ నీళ్ల డ్రమ్ము ఒకటి దొర్లించుకుంటూ వచ్చి స్టేజీ ఎడమ పక్కన, పూలకుండీ జరిపి, బోర్లించాడు. దాని మీద రెండు దెబ్బలు వేశాడో లేదో స్నిగ్ధ భుజాలు కిందికి దిగాయి. గిటారు పలికింది. వాడి దెబ్బకు జవాబు చెప్పింది, వాడు ఆగిన చోట అందుకుంది, తను ఆగి వాడికి వదిలింది. నేను విన్నది ఇదే. నా ఒళ్లు జలదరించింది ఇక్కడే. ఆ వెధవ సగం స్వరాలను వినిపించకుండా బాదుతున్నాడు. చేతికి వాత పెట్టాలన్నంత కోపం వచ్చింది, ఆపితే ఎట్లా అన్న భయమూ వచ్చింది.

తిరుగు ప్రయాణంలో పరమేష్ కారు నడుపుతున్నాడు. నేనూ స్నిగ్ధా వెనక కూర్చున్నాం. నకిరేకల్ దాటాక స్నిగ్ధ నా వైపు తిరిగింది.

"నిజం చెప్పుండ్రి అత్తమ్మా. మీకెట్లనిపించింది?"

"చివరికి మస్తుగ నచ్చింది. వాడు నచ్చలే."

"అన్న లేకుంటే?"

"నువ్వు నచ్చలే."

నా నోటి నుంచి అది ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. పరమేష్ అద్దంలో నన్ను చూశాడు. తల తీసుకుపోయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ నా కోడలు, నా కోడలు అని ఊరంతా చాటాను. మరి నాకు నచ్చింది ఎవరు? ఆమె కాదా? ఆమే. ఆమె ఒక్కతే కాదు. బ్యాండు వాళ్లు మాత్రం కాదు. ఎటు తిప్పి చూసినా లెక్క తేలలేదు.

స్నిగ్ధ కిటికీలోంచి బయటికి చూస్తోంది. "నాక్కూడ నేను నచ్చలే అత్తమ్మా" అని, నా చేతి మీద చెయ్యి వేసింది.

ఇంటికి రాగానే చెప్పులైనా విడవకుండా విజేందర్‌కు ఫోన్ చేశాను.

"గిటారుకు ఎవరన్న దొరికిండ్రా?"

"లేదు మేడం. ఆమె జాగ ఆమెకే ఇడిసిపెట్టినం. సైదులు ఊపిరి తీసుకునే కాడ అందరం ఊకెనే నిలబడుతున్నం. జనం సౌండ్ పోయిందనుకుంటుండ్రు."

చెప్పులు విడిచి కుర్చీలో కూర్చున్నాను. "ఆదివారం నుంచి వస్తది. నువ్వు జర మెల్లగ కొట్టు" అన్నాను.

"మెల్లగ నాకు రాదు మేడం."

"తెలుసురా" అని పెట్టేశాను.

మొన్న మర్రిగూడలో ఒక పెళ్లికి వాయించారు. మా ఆయన పక్కన, రెండు చెవుల్లో దూదితో కూర్చున్నాను. ఆ పాటే వచ్చింది. సైదులు గొంతు చించుకుంటున్నాడు, నరాలు తేలాయి. వాడింకా ఆగలేదు. ఆగకముందే నా చెయ్యి చెవి దగ్గరికి పోయి దూది తీసేసింది. ఆ అరుపు వినాలనిపించింది నాకు. దేనికి జవాబు చెప్పబోతుందో తెలియకుండా నా కోడలి జవాబు వింటే ఏం లాభం?

వాడు ఆగాడు. గిటారు మోగింది.

ఒక చెవి సంగతే చెబుతున్నాను. రెండో చెవిలో దూది అట్లాగే ఉంది. దాన్ని తీయాలో వద్దో నాకు ఇప్పటికీ తెలియదు.