నాయిస్ మీద రెండు పేజీలు

మా బిడ్డ సంగీత తొమ్మిదో తరగతి. రోజూ వాడే ఇంగ్లిష్ మాట ఒకటి తీసుకొని, అది ఏడికెళ్లి వచ్చిందో రెండు పేజీలు రాసి క్లాసుల చదవమన్నదట టీచర్. ఇది ‘నాయిస్’ తీసుకున్నది. ఇంకేం దొరకలేదా నీకు అని తిట్టిన. బాపు పనికాడ ఉండేది గదే గదా అన్నది.

మా ఆయన లింగమూర్తి పాండేసర మిల్లులల్ల ఇరవై రెండేండ్ల సంది కరెంటు మగ్గాలు నడుపుతుండు. ఆ సప్పుడుల మనిషి మాట మనిషికి ఇనపడది, మూతి కదిలేది చూసి మాట పట్టుకుంటరు. ఏడాది సంది ఎనక నుంచి పిలిస్తె తిరుగుతలేడు. డాక్టర్‌కు చూపించుకో అంటె, నువ్వు చెప్పేదంత ఇనపడుతనే ఉన్నది గదా అని నా మీదికే లేస్తడు. నిజమే, ఎదురుంగ మాట్లాడితె ఒక్క మాట పొల్లుపోనియ్యడు. చెవులు పోయినయా, నాదే వట్టి అనుమానమా అని అదొక్కటే నా పానం తింటుండె. అడిగి అడిగి యాష్టకొచ్చి, ఊకున్న.

ఆదివారం పొద్దున బిడ్డ కాయిదాలు పట్టుకొని ఆయన ముంగట కూసున్నది. ముందుగాల మన మాటల్ల చెప్పింది. నాయిస్ అంటె ఇప్పుడు సప్పుడు గని, ఒకప్పుడు కొట్లాట అట. ఇంకా ఎనకకు పోతె, ఓడల పోయేటోళ్లకు కడుపుల తిప్పుడు అనే మాట నుంచి వచ్చిందంటరట. నడుమ కొన్నాళ్లు మంచి పాటను గూడ అదే మాటతోని అన్నరట. ఆయన నవ్విండు. పనిల చేరిన పది దినాలు నాకు గూడ కడుపుల తిప్పింది, తర్వాత ఏం తెల్వలె అన్నడు.

ఇగ ఇంగ్లిష్ల చదువు అన్నడు. ఆయనకు ఇంగ్లిష్ ముక్క రాదు, బిడ్డ చదువుతుంటె ఇనాలని ఆశ. అది లేచి నిలబడి గట్టిగ చదివింది. పక్కింటి నర్సవ్వ చాట పక్కన పెట్టి మా గడపల నిలబడి ఇన్నది. ఆయన దాని మూతి దిక్కే చూస్తుండు. సగం పేజీ కాంగనె చెయ్యి అడ్డం పెట్టిండు.

“మనసుల చదువుకుంటె నాకేం తెలుస్తది బిడ్డా? పైకి చదువు.”

నర్సవ్వ నా మొఖం చూసింది. ఇంట్ల గూడ ఇన్ని దినాలు మా మూతులే చూసిండన్న మాట. నాకు ఏడుపు రాలె, కోపం గూడ రాలె.

సంగీత కాయిదాలు మడిచింది. ఆయన ఎదురుంగ కూసొని, అయిపోయింది బాపు అన్నది.

ఆ తెలుగు మాట మూతిల దొరికింది ఆయనకు. గింతేనా అన్నడు.