పసుపంటిన మైకు

నూకయ్య పడవలో వైర్‌లెస్ సెట్టుకి చెవుడు వచ్చింది. అదీ చేపల వేట నిషేధం ముగిసి, గంగమ్మకి పూజ చేసి, పడవని నీళ్ళలోకి దించిన రోజునే వచ్చింది. మామూలుగా తెల్లారకముందే ఆ సెట్టు మొదలుపెట్టేది. ఎవరి వలలో ఏం పడింది, ఎవరి ఇంజిన్ మొరాయించింది, ఎవరింట్లో ఏం కూర, అన్నీ అందులోనే తెలిసేవి. ఆ రోజు మాత్రం మౌనవ్రతం పట్టింది.

అయితే నూకయ్యకి దాని రోగం కన్నా ముందు ఆరోగ్యం కనిపించింది. ఇదివరకు మైకు మీద మీట నొక్కినప్పుడే సెట్టు మీద ఎర్రలైటు వెలిగేది. ఇప్పుడు ఎవరూ నొక్కకుండానే, ఆరకుండా వెలుగుతోంది.

"పూజకి బలమొచ్చినాది" అన్నాడు నూకయ్య.

"సెట్టు కాలిపోతన్నాది మావా" అన్నాడు అల్లుడు నాగబాబు, దాని మీద చెయ్యి పెట్టి చూసి.

"బలమొస్తే ఒంట్లో వేడి ఉండదేటి?"

నాగబాబు మావతో వాదించే మనిషి కాదు. ఏరియల్ వైరు ఊడదీసి ఉప్పు గీకాడు. ఫ్యూజు మార్చాడు. బ్యాటరీ తీగలు బిగించాడు. మైకు జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే దాని నిండా పసుపు ఉంది. నూకయ్య భార్య తవిటమ్మ పసుపులో బియ్యప్పిండి కలిపి, ముద్ద చేసి, పడవ ముక్కు నుంచి ఇంజిన్ దాకా, సెట్టు నుంచి మైకు దాకా దేన్నీ వదలకుండా పట్టించి బొట్లు పెట్టింది. గంగమ్మ పసుపుని మనిషి కడగకూడదు, సముద్రమే కడుక్కోవాలి. ఆ ఊళ్ళో బుద్ధున్న వాడెవడూ దాన్ని గీకడు.

సెట్టు పలక్కపోతే పోనీ అనుకున్నాడు నూకయ్య. ఆ రోజు అతనికి అంతకన్నా పెద్ద పని ఉంది. సముద్రం అడుగున ఒక రాయి ఉంది. దాని చుట్టూ మంచి ధర పలికే కోనాం చేపలు తిరుగుతాయి. అది ఎక్కడుందో తండ్రి పోతూ పోతూ నూకయ్య చెవిలో చెప్పాడు, ఇంకెవరికీ తెలియదు. నూకయ్యకి కొడుకుల్లేరు, దేవి ఒక్కతే కూతురు. చెప్తే ఆమె మొగుడు నాగబాబుకే చెప్పాలి. నిరుడు దాకా గుజరాత్ బోట్ల మీదకి పోయిన నాగబాబు ఈ ఏడే మావ పడవ ఎక్కాడు. నెమ్మదస్తుడు, పనిమంతుడు, ఎవరినీ పల్లెత్తు మాటనడు. నూకయ్య అనుమానమంతా అక్కడే. ఇంత మంచివాడు ఎక్కడో ఒకచోట కారుతూ ఉంటాడని అతని నమ్మకం.

అందుకని పరీక్ష పెట్టాడు. అసలు గుర్తుకి రెండు కొండలు కావాలి. ముందున్న బోడికొండ నెత్తిన వెనకున్న పెద్దకొండ మూపురం వచ్చి కూర్చోవాలి. నూకయ్య అందులో బోడికొండని తీసేసి, దాని చోట సెల్ టవరుని పెట్టాడు.

"ఇటు సూడు బాబూ" అన్నాడు, కనుచూపు మేరలో ఇంకో పడవ లేదని చూసుకుని. "ఆ సెల్ టవరు నెత్తిమీదికి పెద్దకొండ మూపురం రావాల. ఉత్తరాన ఏరు సముద్రంలో కలిసే మొగ కనబడాల. రాయి అక్కడే ఉన్నాది. మా నాన్న సెప్పిన గుర్తు ఇది. గంగమ్మ మీద ఒట్టు, దేవికి కూడా సెప్పకు."

నాగబాబు టవరుని చూశాడు, కొండని చూశాడు, మావని చూశాడు. "అలాగే" అన్నాడు.

గుండె బరువు దిగేసరికి నూకయ్యకి నోరు తేలికైంది. వల అల్లడంలో పక్క పడవ ధర్మేంద్ర చేతులు కాళ్ళతో సమానమన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి తవిటమ్మ పులుసులో ఉప్పు చాలలేదనీ, ఇన్నేళ్ళూ భయంతో తిన్నాననీ చెప్పాడు. మధ్యాహ్నానికల్లా బ్యాటరీ చచ్చిపోయింది. ఎర్రలైటు ఆరిపోవడం చూసి దిగులుపడ్డాడు.

ఒడ్డుకి వచ్చేసరికి అందరూ అతి మర్యాదగా ఉన్నారు. పిలవకుండానే వచ్చి పడవ లాగారు. సెట్టు ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఇంట్లో తవిటమ్మ పులుసు వడ్డించి, పక్కన గిన్నెడు ఉప్పు పెట్టి, వెళ్ళి పడుకుంది.

మర్నాడు బ్యాటరీ చార్జింగుకి ఇచ్చి నూకయ్య ఒడ్డునే ఉండిపోయాడు. సాయంత్రం ధర్మేంద్ర వేట నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మావా, నీ రాయి కాడ ఇసక తప్ప ఏటీ నేదు. పడవలన్నీ పొద్దుటేల నుంచి అక్కడే తిరిగినాయి."

"ఏ రాయి?"

"సెల్ టవరు రాయి."

"నీకెవలు సెప్పినారు?"

ధర్మేంద్ర సముద్రం వైపు చూశాడు. "తెలిసినాదిలే" అన్నాడు.

పరీక్ష ఫలితం వచ్చేసింది. తెలివిగా పరీక్ష పెట్టినందుకు నూకయ్య సంతోషించాలి. కానీ ఆ రాత్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు. నాగబాబు నెగ్గాలని తను ఎంత ఆశపడ్డాడో, ఓడిపోయాడనుకున్నాకే తెలిసింది. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేక అల్లుడితో మాట్లాడటం మానేశాడు.

రాయి లేకపోయినా సెట్టు కావాలి. తర్వాతి రోజు ఇద్దరూ చీపురుపల్లి వెళ్ళారు. నాగబాబు బండి నడిపాడు. నూకయ్య వెనక కూర్చుని, సెట్టుని ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా పొలాలు చూశాడు.

స్టేషన్ రోడ్డులో రిపేరు కొట్టు ఝాన్సీది. సెట్టు విప్పి, మీటరు పెట్టి చూసి, లోపలంతా బాగానే ఉందంది. బ్యాటరీ తగిలించి, మైకుని బల్ల మీద పెట్టి, నాగబాబు చేతికి ఒక చిన్న సెట్టు ఇచ్చింది.

"రోడ్డవతలికెళ్ళి నిలబడు తమ్ముడూ. నాను మాటాడతాను. ఇనబడితే సెయ్యి ఊపు."

నాగబాబు వెళ్ళాడు. ఝాన్సీ ఏదో వైరు కోసం సొరుగులో వెతుకుతూ, "మీ అల్లుడు నెమ్మదస్తుడిలాగున్నాడు" అంది.

"నెమ్మదిగానే ముంచినాడమ్మా" అన్నాడు నూకయ్య. రాత్రి నుంచి బిగబట్టింది అక్కడ జారిపోయింది. "దొంగ గుర్తు సెప్పినాను, పరీక్షకి. మర్నాటికి ఊరంతా అక్కడే ఉన్నాది. కొడుకనుకున్నానమ్మా ఆడిని. ఇంక అసలు గుర్తు ఎవలికి సెప్పుకుంటాను?"

రోడ్డవతల టీ కొట్టు పక్కన నిలబడ్డ నాగబాబు చెయ్యి ఊపాడు.

ఝాన్సీ తలెత్తి చూసింది. "నానింకా మాటాడనేదే" అంది.

బల్ల మీద మైకుని కళ్ళ దగ్గరగా తెచ్చుకుని చూసింది. మీట లోపలికి దిగి ఉంది. చుట్టూ పసుపు గట్టిపడి దాన్ని పైకి లేవనివ్వడం లేదు. ఎర్రలైటు వెలిగిందంటే మన మాట బయటికి పోతోందని అర్థమనీ, అలా పోతున్నంతసేపూ సెట్టుకి అవతలి మాట వినపడదనీ చెప్పింది.

నూకయ్య ఎర్రలైటుని చూస్తూ కూర్చున్నాడు. ముందు రాయి గుర్తొచ్చింది, తర్వాత ధర్మేంద్ర, ఆ తర్వాత గిన్నెడు ఉప్పు. నాగబాబు వచ్చి చిన్న సెట్టుని బల్ల మీద పెట్టాడు. "బాగా ఇనబడింది" అన్నాడు.

పసుపు గీకడానికి ఝాన్సీ ఒప్పుకోలేదు. "అమ్మోరి పసుపు. పెట్టినోలే తియ్యాల. నాను కొట్టు నడుపుకోవాల" అంది.

అలాగే ఇంటికి తెచ్చి, చార్జింగయిన బ్యాటరీ తగిలించారు. తవిటమ్మ గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, తడిగుడ్డతో మైకు తుడిచింది. మీట టక్కున పైకి లేచింది. ఎర్రలైటు ఆరింది. మూడో రోజుకి సెట్టు నోరు విప్పింది. మొదట వచ్చింది ధర్మేంద్ర గొంతు.

"మావ సెట్టు బాగయిపోయినట్టున్నాది" అంటోంది ఆ గొంతు, దిగులుగా. "ఇంకేటీ ఇనబడదు."

మర్నాడు మావా అల్లుళ్ళు సముద్రం మీదకి వెళ్ళారు. ఒడ్డు సన్నటి గీతగా మారేదాకా నూకయ్య పడవ నడిపాడు. తర్వాత ఇంజిన్ ఆపాడు.

"తప్పయిపోయినాది బాబూ. దొంగ గుర్తు సెప్పినాను. పైగా నిన్నే అనుమానించినాను."

"దొంగ గుర్తని నాకు ఆ రోజే తెలిసింది మావా."

"ఎలాగ?"

"మీ నాన్న సెప్పిన గుర్తన్నావు. ఆయన ఉన్నప్పుడు సెల్ టవరెక్కడిది?"

నూకయ్య ఒడ్డు వైపు చూశాడు. ఊళ్ళో పడవలన్నీ ఒక పగలంతా ఆ టవరునే చూసుకుంటూ తిరిగాయి. ఒక్కడికీ ఆ మాట తట్టలేదు.

"మరి అడగనేదేటి?"

"ఎప్పుడో ఒకనాడు నువ్వే సెప్తావనుకున్నాను" అన్నాడు నాగబాబు.

నూకయ్య లేచి మైకు వైరు పీకేశాడు. బ్యాటరీ తీగలు కూడా ఊడదీశాడు. ఎర్రలైటు వెలగడం లేదని దగ్గరికి వంగి రెండుసార్లు చూసుకున్నాడు. అప్పుడు అల్లుడి పక్కకి వచ్చి కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగాడు.

"బోడికొండని సూడు" అన్నాడు.