స్వెట్టరులో వదులు పట్టీలు

వీధి తలుపు బెల్లు మోగింది. కుర్చీలో కూర్చున్న డ్రైవరు ఒడిలోంచి ఊలు ఉండ, సూదులు, సగం అల్లిన స్వెట్టరు ఒక్క ఊపున లేచి ఎదురుగా ఉన్న భార్య ఒడిలో పడ్డాయి. ఆయన పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ తరుగుతున్న కూర పక్కకి నెట్టి, చేతులు తుడుచుకుని సూదులు అందుకుంది. వచ్చినవాళ్ల కళ్లకు అంతా సవ్యంగానే కనిపించింది. పేపరు చదువుకునే మగవాడు, స్వెట్టరు అల్లుకునే ఆడమనిషి, చూడముచ్చటైన సంసారం. ఆ పేపరు నిన్నటిదని ఎవరూ గమనించలేదు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇంజను మూత జారిపడి గేరు వేసే చేతి వేళ్లు నలిగిపోయాయి. ఎముకలు అతుక్కున్నాయి కానీ వేళ్లు ముడుచుకోవడం మరిచిపోయాయి. పిసకమని ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు బంతి ఆయనకు విసుగు పుట్టి అటకెక్కింది. అప్పుడు భార్య ఆయన చేతిలో సూదులు పెట్టి అల్లిక నేర్పింది. మొదట్లో బతిమాలితే తప్ప ముట్టనివాడు, పోనుపోను అన్నానికి పిలిచినా లేవడం మానేశాడు. మనవరాలికి స్వెట్టరు మొదలుపెట్టాడు. వేళ్లలో కదలిక వచ్చింది. ఆసుపత్రిలో చేతి వ్యాయామాలు చేయించే ఆవిడ చూసి సంతోషించింది. "ఇది మాత్రం మానకండి. మానితే వేళ్లు మళ్లీ బిగుసుకుపోతాయి" అని గట్టిగా చెప్పింది. నెలాఖరుకు డిపో డాక్టరు ముందు పిడికిలి బిగించి చూపించాలి. అలా చూపించగలిగితేనే మళ్లీ బస్సు చేతికిస్తారు.

అయినా ఆయన అల్లిక బెల్లు మోగేదాకానే.

"మగాణ్ణయ్యుండి ఊలు అల్లుతున్నానంటే డిపోలో నన్ను బతకనిస్తారా?" అనేవాడు.

"చెయ్యి మీది, పొగడ్తలు నాకు. వచ్చినవాళ్లంతా ఎంత బాగా అల్లారండీ అంటుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు" అనేది ఆవిడ.

వచ్చినవాళ్ల ముందు ఊరికే పట్టుకుని కూర్చుంటే బాగుండదని, వాళ్లున్నంతసేపూ ఆవిడ అల్లేది. ఆయనది స్టీరింగు పట్టిన చెయ్యి, వరసలు బిగువుగా పడేవి. ఆవిడది వదులు చెయ్యి. చుట్టం వచ్చిన ప్రతిసారీ స్వెట్టరులో ఒక వదులు పట్టీ మిగిలేది. దాపరికం హడావుడిలో ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

ఇంతలో ఆయన అక్క వారం రోజులు ఉండిపోదామని వచ్చింది. అల్లికలో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయన సూదుల జోలికి పోలేదు. పేపరు మాత్రం బాగా నలిగింది. వారం చివర్లో ఒక ఉదయం టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారి ముక్కలైంది. "తడి చెయ్యి, జారింది" అన్నాడు. అది అబద్ధమని భార్యకు తెలుసు. వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. ఆవిడకు భయం వేసింది, అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం అక్క స్వెట్టరును కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది.

"మరదలా, ఇది ఒక చేతి పని కాదే. ఇదిగో, ఈ వదులు పట్టీలు నీవి. నీ చెయ్యి నాకు తెలుసు. మధ్యలో ఈ బిగువు చెయ్యి ఎవరిది?"

జవాబు చెప్పాల్సింది తను కాదన్నట్టు ఆవిడ భర్త వైపు చూసింది. పేపరు మెల్లగా కిందికి దిగింది.

"నాదే అక్కా" అన్నాడాయన. ఎందుకు దాచాడో కూడా చెప్పాడు.

అక్క నవ్వలేదు. "ఒరేయ్, ఈ చేత్తో బస్సు నడిపితే ఊరంతా చూసింది. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకురా? చెయ్యి బాగుపడే పని చేస్తూ దొంగతనం చేసినవాడిలా దాక్కుంటావా? పైగా నీ సిగ్గు మొయ్యడానికి దీన్ని కూర్చోబెట్టావు. నవ్వేవాళ్లు కాసేపు నవ్వి వాళ్లిళ్లకు పోతారు. రేపు బొత్తాం పెట్టుకోలేని చెయ్యి నీ దగ్గరే ఉంటుంది."

ఆయన స్వెట్టరు అందుకున్నాడు. వేళ్లు మొరాయించాయి. పళ్ల బిగువున ఒక వరస పూర్తి చేసి రెండోది మొదలుపెట్టాడో లేదో బెల్లు మోగింది. అలవాటు కొద్దీ ఆయన చేతులు పైకి లేచాయి. ఎదురుగా భార్య చేతులు కట్టుకుని కూర్చుంది. స్వెట్టరు మళ్లీ ఆయన ఒడిలోకే దిగింది.

వచ్చింది ఆయన బస్సు కండక్టరు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేంటన్నా, వదినగారి పని నువ్వు లాక్కున్నావ్?"

"లాక్కోలేదురా. మొదట్నుంచీ నా పనే. కూర్చో, ఈ వరస అయిపోనీ."

కండక్టరు పడీపడీ నవ్వాడు. డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం ఆగలేదు.

నెలాఖరుకు డాక్టరు పిడికిలి చూసి, ఇంకో నెల ఆగి రమ్మన్నాడు. వారం రోజులు మూల పడేసిన వేళ్లు అంత తొందరగా మాట వింటాయా? ఆ నెలంతా ఆయన డిపో బెంచీ మీద, పదిమంది మధ్యలో కూర్చుని అల్లాడు. కొందరు వేళాకోళం చేశారు, కొందరు తమ పిల్లల కొలతలు చెప్పారు. ఆ తర్వాత గేరు మళ్లీ ఆయన చేతికి వచ్చింది.

స్వెట్టరు ఇప్పుడు మనవరాలి ఒంటి మీద ఉంది. నడుము దగ్గర వదులు పట్టీలు అలాగే ఉన్నాయి, వాటిని విప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. ఛాతీ నుంచి మెడదాకా అంతా ఒకే బిగువు. పనుల్ని ఆడవాళ్లవనీ మగవాళ్లవనీ పంచింది మనమే, చేతివేళ్లకు ఆ పంపకం తెలియదు.