దానంతటదే ఎత్తుకున్న ఫోను

చర్చి ఫాదరు అచ్చన్ వచ్చి కారు మీద పవిత్ర జలం చల్లేలోపే స్టీరియో సంగతి తేలిపోవాలని ఏలిక్కుట్టి పట్టుబట్టింది.

"ముందు నా ఫోను కలుపు. బండి స్టార్టు చేయగానే జపమాల ప్రార్థన మోగాలి."

"అమ్మచ్చీ, ఇంకా గడియారమే సరిచేయలేదు. కాస్త ఊపిరి తీసుకోనీ," అంది కూతురు జిన్సి, తెర మీద వేలితో నొక్కుతూ. ఆసుపత్రిలో నర్సు పని చేసి, సొంత జీతంతో కొనుక్కున్న పాత కారు. స్టీరియో మాత్రం కొత్తది.

"సౌండు బాగా పెంచు. ఫోనొస్తే దానంతటదే ఎత్తుకునేలా పెట్టొచ్చటగా, అదీ పెట్టు. నువ్వు స్టీరింగు మీంచి చెయ్యి తీశావంటే నేరుగా ఏట్లోకే!"

"ఇంకా చర్చి ముంగిలి దాటనే లేదు, అప్పుడే ముంచేశావా!" జిన్సి నవ్వి, అమ్మ అడిగినవన్నీ పెట్టింది.

పూజ ముగించుకుని అచ్చన్ బయటికొచ్చాడు. కొత్త స్కూటర్ల వాళ్లూ వరుసలో నిలబడ్డారు. లోపల కూడా చల్లాలని జిన్సి కారు తలుపులన్నీ తెరిచి, తన సీట్లో కూర్చుంది. ఏలిక్కుట్టి భక్తిగా వెనక నిలబడింది.

సంచిలో ఫోను వణికింది. త్రేస్యక్క. చెవిన పెట్టుకుంటే ఏమీ వినపడలేదు. "హలో! హలో అక్కా!"

అక్క మాట కారులోంచి వచ్చింది.

"ఏలీ! పిల్ల కారు కొనేసిందటగా! మరి దాన్ని టెస్టుకు పంపొద్దని డ్రైవింగు నేర్పే ఆశాన్‌ను రెండుసార్లు కాళ్లావేళ్లా పడి బతిమాలావు కదే! 'నీకు చేతకాదు' అని దానితో చెప్పమన్నావు కదే! పాపం, ఎంత ఏడ్చిందో పిల్ల..."

అచ్చన్ చెయ్యి గాల్లోనే ఆగింది. ఏలిక్కుట్టి ఫోను మీద ఏదేదో నొక్కింది.

"వినపడుతోందా ఏలీ?"

ముంగిలంతటికీ వినపడుతోంది. జిన్సి చెయ్యి చాచి స్టీరియో ఆపేసింది. స్కూటర్ల వరుసలో ఎవరో దగ్గారు. అచ్చన్ గబగబా నీళ్లు చల్లి పక్క బండికి వెళ్లిపోయాడు.

ఏలిక్కుట్టి తల దించుకుని బస్టాపు వైపు నడిచింది. కారు మెల్లగా పక్కన వచ్చి ఆగింది.

"ఎక్కు."

"బస్సులో వస్తాలే."

"ఎక్కు అమ్మచ్చీ. ఇప్పటిదాకా చూసింది చాల్లేదా జనం?"

ఎక్కింది. జిన్సి మళ్లీ స్టీరియో తెర తెరిచింది. తన ఫోను పేరు తీసేస్తుందనుకుని ఏలిక్కుట్టి చూపు తిప్పుకుంది. జిన్సి తీసేయలేదు. సౌండు తగ్గించి, ఫోను దానంతటదే ఎత్తుకోవడం మాత్రం ఆపేసింది.

"ఎందుకు చెప్పించావు?"

"నీకేమన్నా అవుతుందేమోనని... భయం నాది మోళే, నా తల్లీ."

"భయం నీదైతే చేతకానితనం నాకెందుకు అంటగట్టావు? ఏడాదిపాటు నిజమనుకున్నాను."

కారు కదిలింది, జపమాల మొదలైంది. ప్రార్థనలో సగం స్టీరియో చెబుతుంది, మిగతా సగం విన్నవాళ్లు చెప్పాలి. రోజూ ఇల్లంతా వినిపించేలా చెప్పే ఏలిక్కుట్టి ఇవాళ తన సగం వదిలేసింది.

మలుపు దగ్గర ఎదురుగా లారీ వచ్చింది. 'చూసుకో' అనబోయి నాలుక కరుచుకుంది. లారీ దాటిపోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే జిన్సి ఆ సగం ప్రార్థన అందుకుంది. ఏలిక్కుట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.