వెనక్కి నడిచే పని

తాడు పేనేవాళ్ల ఇంట్లో ఎవరో ఒకరు వెనక్కి నడవాల్సిందే. ఒకరు రాట్నం దగ్గర కూర్చుని తిప్పుతారు. ఇంకొకరు నార కట్టను నడుముకు చుట్టుకుని, దాని కొసను రాట్నం కొక్కేనికి తగిలించి, వేళ్ల సందున నారను కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి పోతుంటారు. వాళ్లు ఎంత దూరం పోతే తాడు అంత పొడవు. మా ఇంట్లో ఆ నడక అమ్మది, తిప్పడం తమ్ముడిది. తాడు నేలకు తగలకుండా మధ్యలో నిలబడి చూసుకోవడం నాది, అంటే రెండు వైపుల నుంచీ తిట్లు తినే పని.

మా పెరడు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక చివర ఇల్లు, రాట్నం. రెండో చివర రాళ్ల గోడ, దాని అవతల కొండ. రాట్నం చప్పుడులో మాట వినపడాలంటే అరవాలి కాబట్టి అమ్మది పెద్ద గొంతు. "తిప్పు కన్నా, తిప్పు." "నెమ్మది." "ఆపు, ఆపు." మధ్యాహ్నమైతే "చాల్లే, తిందురు రండి." ఆమె ఆపమంటే వీధి చివరి దర్జీ కూడా మిషన్ ఆపేస్తున్నాడని నాన్న ఏడిపించేవాడు.

తమ్ముణ్ణి అందరూ మిడత అంటారు. ఒక్కచోట కుదురుగా ఉండడు. రాట్నం ముందు తప్ప.

కొండ కథ మాకు చెప్పింది నానమ్మ. పూర్వం ఒక గొర్రెల కాపరి కూతురు పొగమంచులో తప్పిపోయిందట. గొంతు పోయేదాకా ఆయన పిలిచాడట. ఆయన దిగి వచ్చేశాక కూడా కొండ మాత్రం ఆ పిలుపు మానలేదట. "అప్పట్నుంచి దానికి వినడం అలవాటైంది. మనకి ఎవరి మీద బెంగ ఉంటే వాళ్ల గొంతుతో పిలుస్తుంది. మంచు పట్టినప్పుడు ఎవరు పిలిచినా పలక్కండి" అనేది. ఆదివారం ఆరాధన ఒక్కటి కూడా మానని మనిషి ఇలాంటివి చెప్పొచ్చా అని పాస్టర్‌గారు అడిగితే, "ఆయన మంచివాడే, పాపం. ఆయన పుట్టినచోట కొండ లేదు" అని మాకు చెప్పి నవ్వేసింది.

పోయిన వానల్లో జ్వరం వచ్చి అమ్మ చనిపోయింది. ప్రభువు దగ్గరికి వెళ్లిందని అందరూ మెల్లగా అన్నారు. ఆ మాట అబద్ధమని కాదు గానీ, నాకు ఒళ్లు మండింది. మాకు చెప్పకుండా ఎలా వెళ్తుంది?

ఆ తర్వాత మా పెరట్లో ఎవరూ వెనక్కి నడవలేదు. నాన్న ఒకసారి నన్ను అడిగాడు. అది అమ్మ చోటు, నేను నిలబడను అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. కొసను బరువులు పెట్టిన చిన్న బండికి కట్టి ఒంటరిగా పేనేవాడు. తాడు ముడులు ముడులుగా వచ్చేది. పని లేనప్పుడు మిడత ఆ ఖాళీ రాట్నం ముందు కూర్చుని ఊరికే తిప్పుతుండేవాడు. వాడి దగ్గర కూర్చోవాలంటే నాకు ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం పొద్దున బాగా మంచు పట్టింది. చర్చి గంటకు కొత్త తాడు కట్టాలని నాన్న ముందే వెళ్లిపోయాడు. నేను జడ వేసుకుంటున్నాను. పెరట్లో రాట్నం చప్పుడు మెల్లగా సన్నగిల్లింది. వెళ్లి చూస్తే రాట్నం ఇంకా కొద్దిగా తిరుగుతోంది, దాని ముందు ఎవరూ లేరు. మిడత చెప్పులు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి. రాళ్ల గోడకున్న తలుపు తెరిచి ఉంది.

తలుపు అవతల తెల్లటి మంచులోంచి వినిపించింది. "తిప్పు కన్నా, తిప్పు."

అది అమ్మ గొంతే, మాట చివర కొంచెం విసుగుతో సహా. నోరు తెరిచేలోపు నానమ్మ వెనక నుంచి వచ్చి అరచేత్తో నా మూతి మూసింది.

"పలక్కు. దర్జీని పంపించి మీ నాన్నని పిలిపిస్తా."

"నాన్న వచ్చేలోపు వాడు రాళ్ల గుంట దాకా వెళ్లిపోతాడు."

పైన ఎప్పుడో రాళ్లు కొట్టి వదిలేసిన పెద్ద గుంట ఉంది. మంచు పట్టిన రోజు అది అంచుదాకా నిండిపోతుంది, ఎక్కడ నేల అయిపోయిందో తెలియదు. ఆ సంగతి నానమ్మకూ తెలుసు. నాన్న అమ్మకానికి చుట్టి పెట్టిన పొడుగు తాడు తీసి, ఒక కొస నా నడుముకు కట్టి, చుట్టను తన ముందు వేసుకుంది. "కాళ్లు పనికిరావు గానీ ఈ చేతులు తాడు పేనినవే. వెళ్లు. యేసయ్యా, వెనకాలే వెళ్లవయ్యా" అంది.

రాళ్ల దారిలో పైకి వెళ్లాను. నా చెయ్యి నాకే మసగ్గా కనిపిస్తోంది. "నెమ్మది" అంది గొంతు, కాస్త పైనుంచి. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాట వింటే నాకు హాయిగా అనిపించింది. ఇన్ని నెలల తర్వాత నన్నెవరో చూసుకుంటున్నట్టు అనిపించింది. ఆ హాయే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మిడత గుంట అంచున ఉత్తికాళ్లతో నిలబడి ఉన్నాడు. వాడికి ఎదురుగా మంచులో ఇంకొకరు ఉన్నారు. నడుముకు నార కట్ట, దాని ముడి, పైకి చుట్టిన జుట్టు, జుట్టుకు అంటుకున్న నార పీచు. అమ్మ వీపు. అది నిలబడిన చోట కింద నేల లేదు.

గబుక్కున వాడి చొక్కా పట్టుకున్నాను.

"అక్కా, అమ్మ ఇటు తిరగట్లేదు" అన్నాడు వాడు. "నా మీద అలిగిందా?"

"ఇటు రా."

"తిప్పు కన్నా, తిప్పు" అంది అది. అక్కడ రాట్నం లేదు, చప్పుడు లేదు. అయినా అంత గట్టిగానే అరిచింది. మిడత ముందుకు కదిలాడు. వాడి పాదం కింద రాళ్లు జారి గుంటలో పడ్డాయి. అవి పడిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు. లాగితే ఇద్దరం జారేలా ఉన్నాం. బతిమాలితే వాడు వినడు, మా ఇంట్లో మొండితనానికి కొదవ లేదు.

వాడి చెవిలో అన్నాను. "అమ్మే అయితే రాత్రి ప్రార్థన చెప్పమను."

పగలంతా అరిచే మా అమ్మ రాత్రి ప్రార్థన మాత్రం గుసగుసగా చేసేది. మా తలల మీద చేతులు పెట్టి, మా ఇద్దరికే వినపడేటట్టు.

"అమ్మా, ప్రార్థన చెప్పు" అన్నాడు మిడత.

"చాల్లే, తిందురు రండి" అంది అది.

"అది కాదమ్మా. ప్రార్థన."

"ఆపు, ఆపు." కాస్త ఆగి, "నెమ్మది." పాఠం రాని పిల్లాడిలా తనకు తెలిసిన మాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అప్పజెప్పింది. తర్వాత మళ్లీ మొదటికొచ్చింది.

మిడత చల్లటి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. "దీనికి రాదు" అన్నాడు.

"రాదు."

"అమ్మకి వచ్చు."

"వచ్చు" అన్నాను. వాడు ఏడవడం మొదలుపెట్టాడు.

వాణ్ణి నా వెనక నడిపిస్తే మళ్లీ అటు తిరుగుతాడని భయం వేసింది. అందుకని వాడి రెండు చేతులూ పట్టుకుని నేనే వెనక్కి నడుస్తూ దిగాను. నన్నే చూడమన్నాను. నానమ్మ కింద తాడు చుట్టుకుంటోంది కాబట్టి దారి వెతుక్కోవాల్సిన పని లేదు, నడుము దగ్గర లాగిన వైపే పాదం వేశాను. ఇద్దరం గుసగుసగా అమ్మ ప్రార్థన చెప్పుకున్నాం. "ప్రభువా, ఈ ఇద్దరూ నీవాళ్లు. ఒకరి చెయ్యి ఒకరికి పట్టించు. తెల్లారాక నాకు మళ్లీ చూపించు."

మిడతకు కనపడనిది నాకు కనపడుతోంది. వాడి భుజం మీదుగా, మంచులోంచి అది మా వెనకే దిగుతోంది. వీపు మా వైపే పెట్టి, పని చేసేటప్పుడు అమ్మ నడిచినట్టే, వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తోంది. ఒక్కసారి ఇటు తిరిగితే బాగుండునని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. అటు వైపు ముఖం ఉండదని తెలిసి కూడా ఆగి చూడాలనిపించింది. అప్పుడే నా నడుము దగ్గర తాడు బలంగా లాగింది. అంత బలం నానమ్మకు లేదు.

గోడ తలుపు దగ్గర తాడు పట్టుకుని నాన్న ఉన్నాడు. దర్జీ చెబితే చర్చి నుంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు. ఇద్దరినీ ఒక్కసారే దగ్గరకు తీసుకున్నాడు. నానమ్మ నన్ను ముద్దు పెట్టుకుని, వెంటనే మిడత చెవి మెలేసింది.

"చాల్లే, తిందురు రండి" అని కొండ పిలిచింది.

నాన్న చేతులు మా మీద నుంచి జారిపోయాయి. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది. తలుపు వైపు అడుగు వేశాడు. నానమ్మ పిలిచినా వినలేదు. మిడత వెళ్లి ఆయన చొక్కా అంచు పట్టుకున్నాడు.

"అది కాదు నాన్నా. దానికి ప్రార్థన రాదు. నేను అడిగాను."

నాన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు. అమ్మను పాతిపెట్టిన రోజు కూడా ఏడవని మనిషి, మా ఇద్దరినీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. గంట మోగలేదేమని చర్చి నుంచి మనిషి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.

మర్నాడు నాన్న పనికి కూర్చోబోతుంటే, నేను నార కట్ట తీసి నడుముకు చుట్టుకున్నాను. ఆయన ముడి సరిచేశాడు. మిడత రాట్నం తిప్పాడు. వేళ్ల సందున నార వదులుతూ నేను వెనక్కి నడిచాను. ఎదురుగా తమ్ముడు, నాన్న, గుమ్మంలో నానమ్మ. వెనక నుంచి వీపుకు చల్లగా కొండ గాలి తగిలింది.

అప్పుడు అర్థమైంది, అది ఎందుకు ఇటు తిరగలేదో. ఇన్నేళ్లూ అమ్మ దాని వైపు వీపు పెట్టి, ముఖం మా వైపు పెట్టి నడిచింది. కొండకు తెలిసింది ఆ వీపే. ఆమె ముఖం అదెప్పుడూ చూడలేదు, అది మా దగ్గరే ఉంది.

ఇప్పుడు అది నా వీపు చూస్తోంది. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. నేను అటు తిరగలేదు. నార వదులుతూ, ముగ్గురినీ చూస్తూ, ఇంకో అడుగు వెనక్కి వేశాను. రాట్నం నెమ్మదిస్తే మిడతను అరిచి పిలవలేదు, తిప్పమని చేత్తో సైగ చేశాను.