బొటనగోటి మీద పాలచుక్క

పాల సంగతి తేల్చడంలో మా అమ్మ దిట్ట. ఏ ఆవు పాలైనా ఒక చుక్క బొటనగోటి మీద వేసుకుని చెయ్యి ఒంచుతుంది. చుక్క నిలబడితే ఆ పాలు చీజుకు, జారితే ఇంటి వాడకానికి. తుర్రియాల్బా అగ్నిపర్వతం వాలులో మావాళ్ళంతా చీజు చేసి బతికేవాళ్ళే. అమ్మ గోటి తీర్పుకు ఎవరూ ఎదురు చెప్పరు. కాని ఆ చుక్కను ఒకరోజు మా తమ్ముడి భార్య యెండ్రీ రొమ్ము నుంచి తీసుకుంటుందని నేను అనుకోలేదు.

చుక్క జారిపోయింది.

"పల్చన. కడుగునీళ్ళు నయం. పిల్లాడు ఎదగడంలేదంటే ఎందుకు ఎదుగుతాడు? ఆదివారం నుంచి డబ్బాపాలే," అంది అమ్మ.

యెండ్రీ నలభై రోజుల పురిటి పథ్యంలో ఉంది. తలకు గుడ్డ, చెవుల్లో దూది, కాలికి తడి తగలకూడదు. చెవుల్లో దూది ఉన్నా ఆ మాట మాత్రం బాగానే వినబడింది. అమ్మ బయటికి వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, నాకు పాలు పొంగుతున్నాయి. చొక్కా తడిసిపోతోంది చూడు. నావి నీళ్ళెలా అవుతాయి? డబ్బాపాలకు ఇంకొన్నాళ్ళు ఆగమని చెప్పు, అంతే."

పిల్లాడు తాదెయోకు పందొమ్మిది రోజులు. గంటసేపు రొమ్ము పట్టుకునే ఉంటాడు. తాగుతున్నంతసేపూ టక్ టక్ అని చప్పుడు. పక్కింటి సులాయ్ ఆ చప్పుడు విని, "వీడు పెద్దయ్యాక చెక్కపలకల మరింబా వాయిస్తాడు చూడండి," అని మురిసిపోయింది. కాని పాలు మూతి పక్కలనుంచి కారిపోతాయి, కడుపు గాలితో డోలులా ఉబ్బుతుంది, పది నిమిషాలు కునుకు తీసి మళ్ళీ గుక్కపట్టి ఏడుస్తాడు. గాలికి మందని అమ్మ సోంపు నీళ్ళు పడుతోంది. యెండ్రీ చనుమొనలు పగిలి నెత్తురోడుతున్నాయి.

ఆ బుధవారం పొద్దున పాకలో కొత్త దూడ పాలు తాగనని మొరాయించింది. మా తమ్ముడు ఒవీదియో దాని దవడ పట్టుకుని, వేలుపెట్టి నోరంతా తడిమాడు. అమ్మ లాంతరు పట్టుకుని, "నాలిక కింద చూడరా, సరిగ్గా చూడు," అని గదమాయిస్తోంది. నా చేతిలో బకెట్ అలాగే ఉండిపోయింది.

"అమ్మా, దూడ తాగకపోతే ఆవును తిట్టవేం?"

"ఆవేం చేసింది? ముందు దూడ నోరు చూడాలి."

"మరి తాదెయో నోరు ఎవరు చూశారు?"

అమ్మ లాంతరు దించింది.

చేతులు కడుక్కుని గదిలోకి పరుగెత్తాను. పిల్లాడు రొమ్ము మీద ఉన్నాడు. పై పెదవి బయటికి విచ్చుకోవాల్సింది పోయి లోపలికి ముడుచుకుపోయి ఉంది. మెల్లగా ఎత్తి చూస్తే పెదవికీ చిగుళ్ళకీ మధ్య మందంగా, బిగుతుగా ఒక పొర!

ఆరోగ్య కేంద్రం నర్సు గ్రెట్టెల్‌కి ఫోన్ చేశాను. గంటలో బురద చిమ్ముకుంటూ మోటార్‌సైకిల్ మీద వచ్చేసింది.

"పొరా? కత్తిరిస్తారా?" ఒవీదియో మొహం తెల్లబోయింది.

"కూర్చోండి, ముందు మీరు పడేలా ఉన్నారు," అంది గ్రెట్టెల్. చేతి తొడుగు వేసుకుని పెదవి, నాలిక, అంగిలి అన్నీ చూసింది. "నాలిక బాగానే ఉంది. పెదవి పొర చాలామంది పిల్లలకి ఉంటుంది, చాలామందికి అది ఏ ఇబ్బందీ పెట్టదు. కొయ్యడం మొదటి పని కాదు. వీడు ఎంత తాగుతున్నాడో ముందు తెలియాలి. మంచి కాటా ఉందా?"

చీజు చేసేవాళ్ళింట్లో కాటా లేకపోవడమా! ఒవీదియో దాన్ని కడిగి, ఆరబెట్టి, యెండ్రీ మంచం పక్కనే పెట్టాడు. తాగకముందు తూచాం. అరగంట తాగాక అవే బట్టలతో మళ్ళీ తూచాం. తాగింది పద్దెనిమిది గ్రాములే.

"చూశావా, పల్చన!" అంది అమ్మ.

"దోన్యా ఒదీలి గారూ, పాలకేం లోటు లేదు, ఇదుగో," అని అమ్మతో అంటూ గ్రెట్టెల్ యెండ్రీచేత గిన్నెలోకి పాలు పిండించింది. ధార గిన్నె అంచుకు తగిలి చిమ్మింది. "తల్లి పాలు మొదట పల్చగానే వస్తాయి. చిక్కనివి వచ్చేలోపు వీడు అలిసిపోయి నిద్రపోతున్నాడు. రొమ్ముకు మూతి సరిగ్గా ఆనక గాలి మింగుతున్నాడు. పైగా సోంపు నీళ్ళతో కడుపు నింపుతున్నారు. అవి ఈ నిమిషం నుంచి బంద్."

యెండ్రీని దిండ్ల మీద వెనక్కి వాల్చింది. పిల్లాడిని కడుపుకి కడుపు ఆనేలా పడుకోబెట్టింది, ముక్కు చనుమొనకు ఎదురుగా. "తొందరపడకు. ఆవులించినంత నోరు తెరిచాక దగ్గరికి లాక్కో. పెదవి మడత పడితే వేలితో బయటికి తిప్పు. తాగాక పిండిన పాలు చిన్న గ్లాసుతో పట్టు. శనివారం వస్తా. బరువు పెరగకపోతే డాక్టరుకు చీటీ రాస్తా. పొర కొయ్యాలో వద్దో ఆయన చూసి చెబుతారు. అవసరమైతే డబ్బాపాలూ ఇద్దాం, అందులో తప్పేం లేదు."

మొదటి రోజు ఏడుపులే. రెండో రోజు మధ్యాహ్నం యెండ్రీ, "వదినా! వదినా!" అని కేక పెట్టింది. ఏమైందో అని పిండి చేతులతోనే పరుగెత్తాను.

"విను," అంది.

ఏమీ వినబడలేదు. టక్ టక్ లేదు. గుటకలు, ఒకదాని వెనుక ఒకటి. చెవుల్లో దూది ఎప్పుడు తీసి పారేసిందో, అది మంచం కింద పడి ఉంది. నేను అమ్మకు చెప్పలేదు.

శనివారం గదిలో నిలబడేందుకు చోటు లేదు. సులాయ్ కూడా వచ్చింది. గ్రెట్టెల్ పిల్లాడి బట్టలు విప్పి కాటాలో పెట్టింది. బుధవారం బట్టలు లేకుండా తూస్తే మూడువేల మూడువందల పది గ్రాములు. అంకెలు అటూ ఇటూ ఎగిరాయి. పిల్లాడు కాళ్ళు ఆడిస్తున్నాడు.

"ఊపిరి బిగబట్టకు ఒవీదియో, నీ బరువు చూడటంలేదు," అంది సులాయ్.

మూడువేల నాలుగువందల ఇరవై ఐదు!

ఒవీదియో ఎగిరి గంతేశాడు. యెండ్రీ ఏడుస్తూ నవ్వుతోంది. గ్రెట్టెల్ చీటీల పుస్తకం సంచిలో పెట్టేసుకుంది, వచ్చేవారం మళ్ళీ తూద్దామంది.

"కాటా తప్పేమో, మళ్ళీ పెట్టు," అంది అమ్మ.

మళ్ళీ పెట్టాం. అదే అంకె. ఈసారి తాదెయో దాని మీదే ఉచ్చ పోశాడు.

అమ్మ సోంపు నీళ్ళ సీసా తీసుకుని గబగబా పెరట్లోకి వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. నీళ్ళు అరటిచెట్టు మొదట్లో ఒంపేసి, కోళ్ళగూడు ముందు వంగి, యెండ్రీకి పులుసు చేసేందుకు పనికొచ్చే కోడి కోసం చూస్తోంది. ఆమె వెనకే సులాయ్ వెళ్ళి కంచె దగ్గర నిలబడింది.

"ఏం పాలు, ఏం పాలు!" అంటోంది అమ్మ. "మొదటి రోజే చెప్పాను కదే, మా కోడలి పాలకు తిరుగులేదని."