చప్పుడు లేని పాఠం

బీరువాలో బట్టలన్నీ ఒక పక్కకి నెట్టి, కడ్డీకి రెండు బొంతలు వేలాడదీసి, వాటి మధ్య ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే అదే ఆమె స్టూడియో. గది గోడలు మాటని తిప్పికొట్టకుండా బొంతలు పీల్చుకుంటాయి. పాఠం అయ్యాక వాటిని దులిపి, మడిచి, మళ్ళీ మంచం మీద పెట్టాలి. లేకపోతే భర్తగారు నడుం వాల్చబోతూ "నా బొంత ఏ యూనివర్సిటీకి వెళ్ళిందోయ్?" అంటాడు. అని తనే నవ్వుకుంటాడు. ఆ జోకు మొదటి పాఠం నాటిది, ఇంకా అరగలేదు.

ఆ పీట మీద కూర్చునే ఆమె కొత్తగా వస్తున్న నెట్‌వర్కుల గురించి పన్నెండు పాఠాలు చెప్పింది. ఆషామాషీ పాఠాలు కావు. పదేళ్ళు పనిచేసిన ఇంజనీర్లు వినేవి. శిక్షణ సంస్థవాళ్ళు వాటికి 'నిపుణుల పాఠాలు' అని పేరు పెట్టారు. ఒకప్పుడు ఆమె చేతికింద పద్నాలుగు మంది ఉండేవాళ్ళు మరి. అత్తగారికి మోకాళ్ళు పట్టేసి, మంచం దిగడానికి మనిషి సాయం కావలసి వచ్చినప్పుడు "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా" అన్నాడు భర్త. ఆ ఎవరో ఒకరు ఎవరని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగకుండానే ఉద్యోగం మానేసింది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

అత్తగారు చెడ్డ మనిషేం కాదు. కాకపోతే పిలవందే పొద్దుపోని మనిషి. "అమ్మాయ్, నా కళ్ళజోడేదీ?" "అమ్మాయ్, ఆ కిటికీ వెయ్యి." "అమ్మాయ్, అబ్బాయి వచ్చాడా?" సరిగ్గా పాఠం ఊపందుకున్న చోటే పిలిచేది. ఆమె రికార్డింగ్ ఆపి, వెళ్ళి, వచ్చి, ఆ పిలుపుని కత్తిరించి పారేసి, తెగిన చోట మాట అతికించుకునేది. శిక్షణ సంస్థ కోఆర్డినేటరు రెండుసార్లు మర్యాదగానే హెచ్చరించాడు. "పాఠం బ్రహ్మాండం మేడమ్. ఆ ఇంటి చప్పుళ్ళే కాస్త... ఇలాగైతే మిగతావి వేరే సార్ చేత చెప్పించాల్సి వస్తుంది." రెండోసారి హెచ్చరించిన రోజు ఆమె నోరు జారింది. "ఒక్క అరగంట నన్ను పిలవకుండా ఉండలేరా అత్తయ్యా? కొంపలేం మునిగిపోవుగా!" అనేసింది. ముసలావిడ చిన్నబుచ్చుకుంది. "అలాగేలేమ్మా" అంది. ఆ తరవాత పాఠం నడుస్తుండగా ఒక్కనాడూ పిలవలేదు.

మూడు వారాలకి, ఏడో పాఠం ముగించి తలుపు తీసుకుని బయటికొస్తే, అత్తగారు స్నానాలగది గుమ్మం దగ్గర పడి ఉంది. చేతికర్ర అల్లంత దూరాన ఉంది. ఒక్కతే లేచి వెళ్ళబోయింది పాపం. భర్తకి ఆ రోజు సెలవు, హాల్లోనే ఉన్నాడు. "కునుకు పట్టేసిందోయ్, నాకేం వినపడలేదు" అన్నాడు కళ్ళు నులుముకుంటూ. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉంది. పన్నెండో రోజు పొద్దున్నే పోయింది.

ఆపైన మాటలు మొదలయ్యాయి. "పిలవొద్దని చెప్పిందట" అని ఒకరు, "అందుకే ఆవిడ నోరెత్తలేదట" అని ఇంకొకరు. ఆడపడుచు అయితే మొహం మీదే అడిగింది, "లోకానికంతా పాఠాలు చెబుతావే వదినా, పక్కగదిలో మనిషి పడితే వినపడలేదా నీకు?" అని. భర్త మాత్రం అందరి ముందూ చెయ్యెత్తి, "పోనీలెండి, దాన్నేం అనకండి. దానికి పాఠాల పిచ్చి. కావాలని చేసిందా?" అన్నాడు. అలా క్షమించేశాడు. ఎంత మంచివాడో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆడపడుచు మాట కన్నా ఆ క్షమే ఆమెని ఎక్కువ కుంగదీసింది. ఐదు నెలలు కూర తరుగుతూ ఏడ్చింది, బట్టలు ఆరేస్తూ ఏడ్చింది. ఎవరూ పిలవకుండానే "వస్తున్నానత్తయ్యా" అంటూ ఖాళీ గదిలోకి వెళ్ళి, అక్కడ ఏం చెయ్యాలో తెలియక దుప్పటి సరిచేసి వచ్చేది. మిగిలిన ఐదు పాఠాలూ ఎలాగో చెప్పింది. ఇంక ఈ జన్మకి చాలనుకుంది.

ఈ మధ్యాహ్నం కోఆర్డినేటరు ఫోను చేశాడు. "మేడమ్, ఏడో పాఠానికి వచ్చినంత పేరు దేనికీ రాలేదు. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు! ఆ దాహం ఉదాహరణ అందరికీ తెగ నచ్చేసింది. అసలు ఫైలు, శుభ్రం చెయ్యనిది, ఉంటే పంపండి. మావాళ్ళు ఇంకా బాగా చేస్తారట. అలాగే కొత్త కోర్సు మీరు చెబుతారో లేదో సాయంత్రంలోగా తేల్చేయండి."

చెప్పనని అప్పుడే అనేద్దామనుకుంది. కానీ సాయంత్రం చెబుతానని పెట్టేసి, ఐదు నెలలుగా ముట్టని ఫైలు తెరిచింది. పంపేముందు ఒకసారి వినడం ఆమెకి అలవాటు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

పద్నాలుగో నిమిషం. తన గొంతే, హుషారుగా. "ప్రతి చిన్న పనికీ ఎక్కడో ఉన్న పెద్ద సర్వర్ దాకా పరిగెత్తక్కర్లేదు. పక్కనే ఉన్న చిన్న పెట్టె జవాబు చెప్పేస్తుంది. ఇంట్లో ఎవరికైనా దాహమేసిందనుకోండి. దగ్గరున్నవాళ్ళు లేచి నీళ్ళిస్తే సరిపోతుంది..." అని కాగితం తిప్పడానికి ఆగింది. ఆ కాస్త ఖాళీలో ఏదో సన్నగా వినిపించింది. శుభ్రం చేసే సాఫ్ట్‌వేరు దానంతటదే తుడిచేసింది కాబోలు, అప్పుడు పంపిన పాఠంలో లేనిది. ధ్వని పూర్తిగా పెంచింది.

"అబ్బాయ్... ఒక్కసారి ఇటు రారా. బాత్రూముకెళ్ళాలి."

ఆ వెనకే టీవీ మోత. దాని మీద భర్త గొంతు, నిద్ర ఛాయలే లేని గొంతు. "అబ్బ, కాసేపు ఆగమ్మా. అది పాఠంలో ఉంది. అయ్యాక వచ్చి తీసుకెళ్తుందిలే."

"ఆగలేనురా."

టీవీ మోత పెరిగింది. కాసేపటికి కర్ర చప్పుడు, టక్, టక్, మధ్యలో ఆగుతూ. తరవాత ఏదో బరువైనది పడ్డ చప్పుడు. ఆ చప్పుడు మీదే తన గొంతు, ఏమీ ఎరగనట్టు, పాఠం చెప్పుకుంటూ పోతోంది.

హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను పిలవనన్నారు, పిలవలేదు. దగ్గరున్నవాణ్ణే పిలిచారు కదా అత్తయ్యా" అని పైకే అంది. గుండె బద్దలయ్యేలా ఏడ్చింది. తను అన్న మాట తను అన్నదే, అది ఎక్కడికీ పోదు. కానీ ఈ ఐదు నెలలూ ఈ ఇంట్లో ఇద్దరు మోయాల్సిన దాన్ని తనొక్కతే మోసింది. రెండోవాడు పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా ఆమెని క్షమిస్తూ వచ్చాడు.

మొహం కడుక్కుని వచ్చి కోఆర్డినేటరుకి రెండు ముక్కలు రాసింది. 'కొత్త కోర్సు నేనే చెబుతాను. ఏడో పాఠం అసలు ఫైలు మాత్రం పంపలేను.' ఆ తరవాత లాప్‌టాప్ పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. భర్త సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. టీవీ ఆపేసింది.

"అదేమిటోయ్!"

"మీరు నా పాఠం ఒక్కటీ వినలేదుగా. ఇది వినండి. పద్నాలుగో నిమిషం దగ్గర పెట్టాను. ఆదివారం మీ చెల్లెలొస్తే ఆవిడకి మీరే వినిపించండి." హెడ్‌ఫోన్లు అతని చేతిలో పెట్టి గదిలోకి నడిచింది. మంచం మీది బొంతలు మళ్ళీ బీరువాలో వేలాడదీయాలి.

"ఇప్పుడు పాఠాలేమిటోయ్, ముందు కాస్త టీ పడెయ్" అన్నాడతను వెనక నుంచి.

ఆమె గుమ్మంలో ఆగింది.

"కాసేపు ఆగండి" అంది. "అది పాఠంలో ఉంది."